గుల్ల కట్టుకునే ఖర్చు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. సముద్రమట్టానికి ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున, చల్లగాలికీ టమాటాకీ పొట్టి ఆవులకీ పేరుపడ్డ మెట్ట ఇది. బంగాళాఖాతం ఇక్కడికి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. వారపు సంతలో ఎండుచేపల గంప దగ్గర తప్ప సముద్రం వాసన ఈ ఊళ్లకు తగలదు. అయినా ఆ సముద్రంలో ఆల్చిప్ప తన గుల్ల కట్టుకోవడానికి వాడే సరుకులో రవ్వంత ఈ కొండల నుంచే బయల్దేరుతుంది. హార్స్‌లీ కొండల మీద పడిన వాన గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని పలచటి కార్బోనిక్ ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం యుగాల తరబడి బండను కొరుకుతుంది. రాతిలోంచి ఊడిన కాల్షియం, దానితోపాటు పుట్టిన బైకార్బనేటు నీళ్లలో కరిగి పల్లానికి సాగుతాయి. బాహుదా, పింఛా కలిసి చెయ్యేరై పెన్నలో పడతాయి. కౌండిన్య పలమనేరు అడవుల మీదుగా పాలారును చేరుతుంది. కుప్పం పక్కగా పారే పాలారు తమిళనాడు మీదుగా వెళ్లి వయలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇక్కడి బోరునీళ్లు కాచిన గిన్నె అడుగున పట్టే తెల్లటి పొరలోనూ, సముద్రపు గవ్వలోనూ ఉన్నది ప్రధానంగా ఒకే పదార్థం: కాల్షియం కార్బనేట్.

ఇది భూగోళ పాఠం చెప్పే దారి. ఇప్పుడు ఆ దారిన నీళ్లు నడిచే రోజులు తక్కువ. పాలారు ఏడాదిలో చాలాకాలం ఇసుకే. చెరువులూ చెక్‌డ్యాములూ దాటుకొని, 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పటిలాంటి వరద వస్తే తప్ప, ఈ మెట్ట నీరు సముద్రం దాకా వెళ్లడం అరుదు. పైపెచ్చు సముద్రంలోకి పోవాల్సిన కృష్ణ నీళ్లనే హంద్రీ-నీవా పంపులు ఎత్తి ఇటువైపు తెస్తున్నాయి. ఆ పంపులకూ, వెయ్యి అడుగుల లోతు నుంచి తోడే బోరు మోటార్లకూ కావలసిన కరెంటులో పెద్ద వాటా బొగ్గుది. ఈ మెట్ట నుంచి సముద్రానికి నీళ్లు సరిగా అందకపోయినా పొగ మాత్రం ఏ ఆటంకం లేకుండా చేరుతోంది. ఈ వ్యాసం ఆ పొగ గురించే.

మనుషులు ఏటా గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతును సముద్రాలు పీల్చుకుంటాయి. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో ఈ వాయువు 280 పీపీఎం. హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద 1958లో కొలతలు మొదలయ్యేనాటికి 315 దరిదాపుల్లో ఉంది. ఇప్పుడు 420 దాటింది. సముద్రం పీల్చుకోకపోతే అంకె ఇంకా పైన ఉండేది, ఎండలు ఇంకా మండేవి. ఈ మేలుకు సముద్రం చెల్లిస్తున్న మూల్యాన్ని శాస్త్రవేత్తలు సముద్ర ఆమ్లీకరణ అంటున్నారు. కెన్ కాల్డీరా, మైకెల్ వికెట్ 2003లో నేచర్ పత్రికలో రాసిన చిన్న పత్రం తర్వాత ఈ పేరు స్థిరపడింది.

ఆమ్లీకరణ అనగానే సముద్రం నిమ్మరసంలా పుల్లబడుతోందని కొందరు అనుకుంటారు. అదేం కాదు. సముద్రం క్షారమే, రేపూ క్షారంగానే ఉంటుంది. పై పొర సగటు పీహెచ్ ఒకప్పుడు 8.2 ఉండేది, ఇప్పుడు 8.1 కంటే కాస్త దిగువకు జారుతోంది. అంకెల్లో ఇది ఏపాటి తేడా అనిపిస్తుంది కానీ పీహెచ్ కొలబద్దలో ఒక్క మెట్టు దిగితే హైడ్రోజన్ అయాన్లు పదింతలవుతాయి. ఆ లెక్కన 0.1 తగ్గినా వాటి సంఖ్య పావు వంతుకు పైగా పెరిగినట్టే. పెరిగిన హైడ్రోజన్ అయాన్లు ఊరికే తిరగవు, నీటిలోని కార్బనేటు అయాన్లను పట్టుకొని బైకార్బనేటుగా మార్చేస్తాయి. గుల్ల కట్టుకునే జీవికి కాల్షియానికి లోటుండదు, సముద్రంలో అది పుష్కలం. కరువంతా కార్బనేటుకే.

అయితే నీళ్లలో కార్బనేటు తగ్గగానే గుల్లలన్నీ కరిగిపోతాయనుకోవడం తొందరపాటు. వార్తాపత్రికల శీర్షికలు ఎక్కువగా ఆ తొందరలోనే ఉంటాయి. బతికున్న జీవి ఊరికే కూర్చోదు. గుల్ల తయారయ్యే చోట ఉన్న కొద్దిపాటి ద్రవంలోంచి హైడ్రోజన్ అయాన్లను బయటకు తోసి, అక్కడ మాత్రం తనకు కావలసినట్టు క్షారతను నిలబెట్టుకుంటుంది. బయటి నీరు ఎంత మారితే లోపల అంత ఎక్కువ తోడాలి, అంత ఎక్కువ తిండి ఖర్చు కావాలి. సిమెంటు ధర పెరిగితే ఇల్లు కట్టడం ఆగదు, కానీ కట్టేవాడు పిల్లల చదువుకు దాచిన డబ్బు తీయాల్సి వస్తుంది. జీవి కూడా ఎదుగుదలకో, గుడ్లు పెట్టడానికో, రోగాన్ని తట్టుకోవడానికో దాచుకున్న శక్తిని గుల్లకే మళ్లిస్తుంది. ఈ రంగంలో రెండు దశాబ్దాలుగా వచ్చిన ఫలితాలు పైకి ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపిస్తాయి. ఈ ఖర్చు లెక్క పక్కన పెట్టుకొని చదివితే చాలావరకు అర్థమవుతాయి.

ఖర్చు భరించలేని వయసు ఒకటుంది. 2007, 2008 సంవత్సరాల్లో అమెరికాలోని ఒరెగాన్ తీరంలో, నెటార్ట్స్ అఖాతం ఒడ్డునున్న విస్కీ క్రీక్ హేచరీలో ఆయిస్టర్ పిల్లలు కోట్లల్లో చచ్చిపోయాయి. మొదట అందరూ బ్యాక్టీరియాను అనుమానించారు. నీళ్లను శుద్ధి చేసే ఏర్పాట్లు చేసినా చావులు ఆగలేదు. చివరికి ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లతో కలిసి నీటి రసాయనం కొలిస్తే సంగతి బయటపడింది. ఉత్తరపు గాలి వీచినప్పుడు సముద్రపు లోతుల్లోని చల్లటి నీరు తీరానికి ఎగదన్నుకొస్తుంది. ఆ నీటిలో కార్బన్ డయాక్సైడ్ సహజంగానే ఎక్కువ, దానికితోడు దశాబ్దాల కిందట పైన ఉన్నప్పుడు అది పీల్చుకున్న మన పొగ కూడా ఉంది. ఆయిస్టర్ పిల్ల గుడ్డులోంచి వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే తొలి గుల్ల కట్టుకోవాలి. అప్పటికి దానికి తిండి తినే నోరు కూడా సరిగా ఏర్పడదు, గుడ్డులో తల్లి పెట్టిన కొవ్వే దాని మొత్తం ఆస్తి. పైగా ఆ తొలి గుల్ల అరగొనైట్ అనే రకం, పెద్దయ్యాక కట్టుకునే కాల్సైట్ కన్నా సులువుగా కరిగేది. ఆస్తి అయిపోయి గుల్ల పూర్తికాకపోతే పిల్ల దక్కదు. హేచరీవాళ్లు కనుక్కున్న మందు చాలా మామూలుది: నీళ్లలో సోడియం కార్బనేటు, అంటే బట్టలుతికే సోడా, కలపడం. ఇంకో ఉపాయం కూడా పాటించారు. తెల్లవారుజామున కాకుండా, సముద్రపు గడ్డి ఎండలో కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకున్నాక మధ్యాహ్నం పూట నీళ్లు తోడుకునేవారు.

ఈ రెండో ఉపాయం వింటే నెల్లూరు, భీమవరం వైపు రొయ్యల రైతు ఆశ్చర్యపోడు. చెరువులో పీహెచ్ తెల్లవారుజామున తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ ఉంటుందని అతనికి రోజూ తెలిసేదే. రాత్రంతా చెరువులోని ప్రాణులు ఊపిరి వదులుతాయి, పగలు పాచి ఆ వాయువును తినేస్తుంది. ఆల్కలినిటీ పడిపోతే మోల్టింగ్ (పాత పెంకు విడవడం) అయిన రొయ్య పెంకు గట్టిపడదని, సున్నమో డోలమైటో చల్లాలని అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. సముద్రానికి సున్నం చల్లే రైతు లేడు, తేడా అదొక్కటే.

రొయ్యల దగ్గరే ఒక చిక్కుముడి కూడా ఉంది. 2009లో జస్టిన్ రైస్, అతని సహచరులు 18 రకాల సముద్రజీవులను కార్బన్ డయాక్సైడ్ స్థాయులు మారుస్తూ తొట్లలో పెంచారు. పది రకాల్లో గుల్ల కట్టడం తగ్గింది. ఏడు రకాల్లో పెరిగింది! ఒక రకం మస్సెల్‌కు ఏ తేడా లేదు. పెరిగిన వాటిలో పీత, లాబ్‌స్టర్, రొయ్య ఉన్నాయి. వాటి పెంకు మీద దట్టమైన చర్మపు పొర ఉంటుంది కాబట్టి బయటి నీరు సున్నపు పొరను నేరుగా తాకదు, లోపలి రసాయనాన్ని సరిదిద్దుకునే శక్తి కూడా వాటికి ఎక్కువ. అయితే పెంకు దళసరిగా ఉన్నంత మాత్రాన జీవి సుఖంగా ఉందని కాదు. ఆ దళసరికి ఏ పద్దు కింద ఖర్చు పెట్టిందో పెంకు చూసి చెప్పలేం.

సూక్ష్మజీవుల సంగతి ఇంకా తికమక. ఒంటి మీద సున్నపు బిళ్లలు కప్పుకుని తేలే కాకొలిథోఫోర్లనే శైవలాల మీద 2000లో నేచర్‌లో వచ్చిన పరిశోధన, ఆమ్లత పెరిగితే బిళ్లలు పలచబడతాయంది. 2008లో సైన్స్‌లో వచ్చినది, ఆ శైవలాల్లో ఒకటైన, మొదటి పరిశోధనలోనూ ఉన్న ఎమిలియానియా హక్స్‌లీ జాతి ఎక్కువ సున్నం కట్టిందని తేల్చింది. జాతి ఒకటే అయినా ఉపజాతులు వేరు, నీళ్లను ఆమ్లంగా మార్చిన పద్ధతీ వేరు. ఈ వాదం చాలాకాలం నడిచింది. సముద్రపు సీతాకోకచిలుకలని పిలిచే టెరోపాడ్ నత్తల విషయంలో మాత్రం వాదానికి చోటు తక్కువ. వేలిగోరంత కూడా ఉండని ఈ నత్తల అరగొనైట్ గుల్లలు దక్షిణ సముద్రంలో కరగడాన్ని నీనా బెడ్నార్షెక్ బృందం 2012లో చూపించింది. 2014లో అదే బృందం అమెరికా పశ్చిమ తీరానికి దగ్గరి నీళ్లలో తీసిన నమూనాల్లో సగానికి పైగా నత్తల గుల్లలు తీవ్రంగా కరిగినట్టు గుర్తించింది. సాల్మన్ పిల్లలు తినే ఆహారంలో ఈ నత్తలు కూడా ఉన్నాయి.

తొట్టిలో కొన్ని వారాలు చేసే ప్రయోగానికీ, తరతరాలు బతికే సముద్రానికీ తేడా ఉంటుందన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి జవాబు ప్రకృతే కొన్నిచోట్ల సిద్ధం చేసి పెట్టింది. ఇటలీలోని ఇస్కియా దీవి దగ్గర అగ్నిపర్వత ప్రాంతంలో సముద్రపు అడుగు నుంచి కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా వస్తూనే ఉంటుంది. జేసన్ హాల్-స్పెన్సర్ బృందం 2008లో అక్కడి జీవులను లెక్కగట్టింది. సాధారణ నీళ్ల నుంచి పీహెచ్ 7.8 ఉన్న చోటికి వెళ్లేసరికి జాతులు సుమారు మూడో వంతు తగ్గాయి. సున్నపు నాచులు మాయమయ్యాయి, నత్తల గుల్లలు అరిగిపోయి కనిపించాయి. సముద్రపు గడ్డి మాత్రం ఏపుగా పెరిగింది. పాపువా న్యూగినీలోని ఇలాంటి బుగ్గల దగ్గర 2011లో కేథరిన్ ఫాబ్రీషియస్ బృందం పగడాలను పరిశీలిస్తే, పగడాల విస్తీర్ణం పెద్దగా తగ్గలేదు. కొమ్మలు చాచే రకాలు పోయి బండల్లా గుండ్రంగా పెరిగే రకాలు మిగిలాయి. కొమ్మల సందుల్లో తలదాచుకునే చిన్న ప్రాణులకు ఇల్లు లేకుండా పోయింది. అక్కడ ప్రాణమైతే ఉంది. తగ్గింది రకరకాలుగా ఉండటం.

చేపలకు గుల్లలు లేవు కదా, వాటికేం? చేప చెవిలో సున్నపు రాయి ఉంటుంది, ఒరుగుడూ ఒడుదుడుకూ తెలియడానికి. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న నీళ్లలో పెంచిన తెల్ల సీబాస్ పిల్లల్లో ఈ రాయి చిన్నదవలేదు, మామూలు కంటే పెద్దదైందని 2009లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు చూశారు. అదే ఏడాది ఆస్ట్రేలియా నుంచి సంచలన వార్తలు మొదలయ్యాయి. ఆమ్లత పెరిగిన నీళ్లలో పెరిగిన క్లౌన్ చేప పిల్లలకు వాసన పోల్చుకోవడం పోతుందని, తమను తినే చేప వాసన వైపే ఈదుతాయని. పదేళ్లపాటు పాఠ్యపుస్తకాల దాకా పాకిన ఈ మాటను 2020 జనవరిలో తిమొతీ క్లార్క్ బృందం నేచర్‌లో సవాలు చేసింది. ఆరు జాతుల పగడపు దిబ్బల చేపలు, తొమ్మిది వందలకు పైగా చేపల మీద పరీక్షలు. శత్రువు వాసనకు దూరం జరగడంలోగానీ చురుకులోగానీ చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. వాతావరణ మార్పును కాదనేవాళ్లు దీన్ని పండగ చేసుకున్నారు. అది అనవసరం. ఆయిస్టర్ పిల్లల చావులకూ టెరోపాడ్ల అరుగుదలకూ ఈ వివాదంతో సంబంధం లేదు. చేప ప్రవర్తన మీద చెప్పిన మాటలు బలహీనపడ్డాయి, గుల్లజీవుల మీద చెప్పినవి నిలబడ్డాయి. ఒక రంగం తన ఫలితాలను తానే మళ్లీ పరీక్షించుకుంటే దాన్ని బలహీనత అనడం చిత్రమైన వాదన.

ఇక బంగాళాఖాతం. ప్రపంచ సగటు అంకెలు ఇక్కడికి తెస్తే పూర్తిగా పనికిరావు. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ కుమ్మరించే మంచినీటితో ఈ అఖాతం పై పొర ఉప్పదనం తక్కువ. ఉప్పదనంతోపాటు ఆమ్లాన్ని తట్టుకునే క్షారత కూడా పలచబడుతుంది. తేలికైన ఆ నీరు మూతలా పైన నిలిచిపోతే, కింద కుళ్లే సేంద్రియ పదార్థం ఆక్సిజన్‌ను తినేసి కార్బన్ డయాక్సైడ్‌ను పోగేస్తుంది. ఆ లోతు నీరు ఏటా కొన్ని నెలలు విశాఖ తీరం దగ్గర పైకి ఎగదన్నుతుంది. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, ఆయన దగ్గర పనిచేసిన తెలుగు విద్యార్థులు వాల్తేరు తీరంలో ఈ ఎగదన్నడాన్ని నమోదు చేశారు. ఒరెగాన్‌లో ఆయిస్టర్లను చంపిన యంత్రాంగం, స్థాయి వేరైనా, విశాఖ దగ్గరా ఉందన్నమాట.

ఆ పరిశోధన సంప్రదాయానికి ఇప్పుడు పెద్ద కేంద్రం విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం. అక్కడి వి.వి.ఎస్.ఎస్. శర్మ బృందం 1991, 2011 సంవత్సరాల వేసవి కొలతలను పక్కపక్కన పెట్టి చూసి 2015లో ఒక విశేషం ప్రకటించింది. అఖాతపు వాయవ్య తీర జలాల్లో పీహెచ్ తగ్గుదల, గాలిలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్ ఒక్కదానితో లెక్కగడితే రావలసిన దానికి కొన్ని రెట్లు ఉంది. మిగతాది వాళ్ల అంచనాలో బొగ్గు, వాహనాలు, పంట వ్యర్థాల మంటలు వదిలే సల్ఫేటు, నైట్రేటు ధూళి పని. చలికాలంలో ఉత్తర భారతం మీదుగా వీచే గాలి ఆ ధూళిని తెచ్చి సముద్రం మీద దులుపుతుంది. కార్బన్ డయాక్సైడ్ ప్రపంచమంతా కలిసి వదిలినది, అందరికీ సమానంగా పంచబడుతుంది. ఈ ధూళి మాత్రం పక్కింటిది. దాన్ని తగ్గిస్తే ఫలితం కూడా దగ్గర్లోనే, త్వరగా కనిపిస్తుంది. విధానాలు రాసేవాళ్లు పట్టించుకోవలసిన తేడా ఇది.

అదే బృందం 2011లో ప్రచురించిన గోదావరి ముఖద్వారం కొలతలు మరో కోణం చూపిస్తాయి. వరద ఉధృతంగా ఉన్న రోజుల్లో నీటిలోని కార్బన్ డయాక్సైడ్ పీడనం 30,000 మైక్రోఅట్మాస్ఫియర్లు దాటింది, అప్పటి గాలిలో ఉన్నదానికి డెబ్బై రెట్లకు పైగా. అలాంటి నీళ్లలోనే తరాలుగా బతుకుతున్న ముఖద్వారపు నత్తలూ గుల్లలూ ఉన్నాయి. వీటికి మొదటి నుంచే ఒడుదుడుకులు అలవాటు కాబట్టి ఆమ్లీకరణను తట్టుకుంటాయని ఒక వాదం. ఇప్పటికే ఓర్పు అంచున ఉన్నాయి కాబట్టి కాస్త పెరిగినా కూలిపోతాయని రెండో వాదం. రెండిట్లో మొదటిదాన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉండటం ప్రమాదమే.

ఎందుకంటే పోగొట్టుకునేది ఉంది. కాకినాడ అఖాతం బ్లడ్ క్లామ్, మెరెట్రిక్స్ గుల్లలకూ, పారదర్శకంగా అద్దంలా ఉండే విండోపేన్ ఆయిస్టర్‌కూ నెలవు. భీమిలి వెనకజలాల్లో తినే ఆయిస్టర్లున్నాయి. పులికాట్ సరస్సు అడుగున పాత గుల్లలు పొరలుగా ఉన్నాయి. తీరపు ఊళ్లలో గుల్లలు ఏరి, బట్టీల్లో కాల్చి గుల్లసున్నం చేసి అమ్మి బతికిన కుటుంబాలెన్నో. తాంబూలానికీ గోడలకీ వాడిన ఆ సున్నం, జీవులు తమ శక్తి ఖర్చుపెట్టి కూడబెట్టినదే. ఒక తూకంలో చూస్తే ఈ గుల్లల ఆదాయం రొయ్యల ఎగుమతి ముందు లెక్కలోకి రాదు, కనుక సర్కారు నివేదికల్లోనూ దానికి పెద్దగా చోటు దక్కదు. కానీ ఆ గుల్లలు ఏరుకునే ఆడవాళ్లకు పెట్టుబడి అక్కర్లేని ఆదాయం మరొకటి లేదు.

మెట్ట ప్రాంతానికి మళ్లీ వస్తే, బండను కొరికే వాన దగ్గరే ఒక పరిష్కారం వెతుకుతున్నారు. రాయిని పొడి చేసి పొలాల్లో చల్లితే అది త్వరగా అరిగి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను బైకార్బనేటుగా బంధించి నదుల ద్వారా సముద్రానికి చేరుస్తుంది. సముద్రానికి కాస్త క్షారతా దక్కుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో చిన్నరైతుల పొలాల్లో బసాల్టు పొడి చల్లుతున్న మాతి కార్బన్ సంస్థకు 2025 ఏప్రిల్‌లో కార్బన్ తొలగింపు పోటీలో ఎక్స్‌ప్రైజ్ 5 కోట్ల డాలర్ల మొదటి బహుమతి దక్కింది. మదనపల్లె బండలు ఈ పనికి అంతగా రావు, గ్రానైట్ కంటే దక్కను బసాల్టు చాలా వేగంగా అరుగుతుంది. ఎంత వేగమైనా, ఏటా ప్రపంచం బొగ్గూ చమురూ కాల్చి వదిలే సుమారు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ ముందు ఈ పద్ధతి ఇంకా బొట్టంత. 5.6 కోట్ల ఏళ్ల కిందట కొన్ని వేల ఏళ్లపాటు ఇలాగే కార్బన్ సముద్రంలో చేరినప్పుడు లోతు సముద్రపు అడుగున గుల్ల కట్టుకునే ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల జాతుల్లో మూడో వంతు నుంచి సగం దాకా అంతరించాయి. ఇప్పటి వేగం అప్పటికి సుమారు పదింతలు. 2025 సెప్టెంబరులో పోట్స్‌డామ్ శాస్త్రవేత్తల నివేదిక సముద్ర ఆమ్లీకరణను భూమి తట్టుకోగల హద్దుల్లో మనుషులు దాటేసిన ఏడోదిగా ప్రకటించింది.

బంగాళాఖాతం నడిమధ్యన, ఉత్తర అక్షాంశం 15, తూర్పు రేఖాంశం 90 దగ్గర 2013 నవంబరులో ఒక బోయాను దించారు. ఆమ్లీకరణను కొలవడానికి హిందూ మహాసముద్రపు ఉత్తర భాగంలో పెట్టిన మొట్టమొదటిది అదే. నడి సముద్రానికి అది చాలు, తీరానికి చాలదు. తీరంలో పీహెచ్ గంటగంటకూ మారుతుంది. పరిశోధన సంస్థల ఓడలూ పరికరాలూ ప్రతి మైలునూ కాపలా కాయలేవు. భీమిలి నుంచి నెల్లూరు దాకా వరసగా ఉన్న రొయ్యల హేచరీలు మాత్రం రోజూ సముద్రపు నీళ్లు తోడుకుంటాయి, పీహెచ్, ఆల్కలినిటీ, ఉప్పదనం చూసుకుంటాయి, పుస్తకంలో రాసుకుంటాయి. ఒరెగాన్‌లో గుట్టు విప్పింది హేచరీ రాతలూ విశ్వవిద్యాలయపు పరికరాలూ కలిసిన చోటే. ఇక్కడ ఆ రెండూ ఉన్నాయి. పరికరాలను ప్రయోగశాల ప్రమాణానికి సరిచూసి, ఆ పుస్తకాలను ఒకచోట చేర్చే పని విశాఖ కేంద్రమో, మత్స్యశాఖో ఎత్తుకుంటే, గుడ్డులోంచి వచ్చిన గుల్లపిల్లకు ఏ నెలలో, ఏ తీరంలో ఖర్చు మించిపోతోందో ఐదారేళ్లలో తేలిపోతుంది.